న్యూ ఆర్లీన్స్‌లో 1891 మార్చి

అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ ఇటాలియన్లు అనగానే అందరూ ముఫులెట్టా శాండ్‌విచ్ గురించే చెప్తారు, మనం ఇరానీ చాయ్ దగ్గర ఆగిపోయినట్టే. నాకు మాత్రం 1891 గురించి చెప్పాలని ఉంది.

19వ శతాబ్దం చివర్లో, నిమ్మ, నారింజ పండ్ల ఓడలు తిరిగే దారిలోనే ఇటలీ ద్వీపం సిసిలీ నుంచి వేలమంది ఆ రేవుకు చేరారు, చెరకు తోటల్లో కూలికెళ్లారు, పండ్ల వ్యాపారంలో నిలదొక్కుకున్నారు, నగరంలోని ఫ్రెంచ్ క్వార్టర్ అనే పాత పేటలో వాళ్లుండే చోటుకి, సిసిలీ రాజధాని పలెర్మోను తలపించేలా, లిటిల్ పలెర్మో అనే పేరే వచ్చింది. 1890 అక్టోబరులో పోలీస్ చీఫ్ డేవిడ్ హెన్నెసీని ఎవరో కాల్చి చంపారు. అంతే, ఇటాలియన్లను గుంపులుగా పట్టుకొచ్చారు. తొమ్మిది మందిని విచారిస్తే ఒక్కరి మీదా నేరం రుజువు కాలేదు. తీర్పు వచ్చిన మర్నాడే, మార్చి 14న, జనం జైలు మీద పడి 11 మందిని చంపేశారు. వాళ్లలో అసలు విచారణే జరగనివాళ్లూ ఉన్నారు! దాన్ని మెచ్చుకున్న పత్రికలున్నాయంటే కడుపు రగిలిపోతుంది. చంపినవాళ్లలో ఎవరికీ శిక్ష పడలేదు. నగర మేయర్ క్షమాపణ చెప్పింది 2019లో.

హైదరాబాద్‌లో ఏ కాలనీలో దొంగతనం జరిగినా, వాట్సాప్ గ్రూపులో ముందు బిహార్, ఒడిశా కూలీల మీదకే మాట వెళ్తుంది. అలాంటప్పుడల్లా ఈ సంగతి అక్కడ రాస్తున్నాను, ఇకపైనా రాస్తాను.