ఊకల కూరుకుపోయిన ఫియట్

పోయిన ఆదివారం మిర్యాలగూడ దగ్గర ఒక రైస్‌మిల్లుకు పోయొచ్చిన. మా బామ్మర్ది ఫోన్ చేసి, బావా ఈడ షెడ్డుల పాత ఫియట్ 1100 ఉంది, ఒకప్పుడు షోలవరం రేసులల్ల తిరిగిందంట అన్నడు, ఇగ నాకు ఆగబుద్ధి కాలె. షోలవరం అంటే రెండో ప్రపంచ యుద్ధం టైంల విమానాల కోసం ఏసిన రన్‌వే, 1990ల ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ రాకముందు మద్రాసు రేసులు ఆడ్నే అయ్యేటియి.

కారు సగందాక ఊకల ఉంది. ఊక తేమను వదలదు, రేకుకు ఆనుకోని ఏండ్లకేండ్లు ఉంటే ఏమైతదో అక్కడ చూసిన. జేబుల పెట్టుకపోయిన అయస్కాంతం డోరు కింది భాగానికి పెడితే అంటుకోలే, జారి కింద పడ్డది. అంటే రేకు పోయింది, మిగిలింది పుట్టీ. జాకీ పెట్టే జాగల స్క్రూడ్రైవర్‌తోని జర నూకిన, తడిసిన అట్టల దిగినట్టు దిగింది. ఫియట్‌కు జీపు లెక్క కింద బండిని మోసే ఇనుప చట్రం, అదే చాసిస్, వేరేగ ఉండదు, బాడీనే చాసిస్, అందుకే ఫ్లోర్ కుళ్లిందంటే కారు నడుము ఇరిగినట్టే.

సీట్ల ఎనక నేలమీద నాలుగు తాన కోసి గ్రైండింగ్ పట్టిన వెల్డింగ్ మచ్చలున్నయ్. రోల్‌కేజ్, అంటే కారు బోర్ల పడ్డా డ్రైవర్ నలగకుంట లోపల కట్టే పైపుల పంజరం, పీకిన గుర్తులు. రేసు ముచ్చట నిజమే అయ్యుంటది అనిపించింది, భయం కూడ అప్పుడే మొదలైంది.

రేసు ఇంజన్‌ను ఎవ్వరు మెల్లగ నడపరు గదా. 1089 సీసీ, పిస్టన్ ఆడే సిలిండర్ బోరు 68 మిల్లీమీటర్లు, పవర్ కోసం దాన్ని ఇంక పెద్దగ బోర్ కొట్టిస్తరు, కంప్రెషన్ పెంచనీకి హెడ్డును అరగదీయించి ఫేసింగ్ చేయిస్తరు, ఎన్నిసార్లు చేసిన్రో బయటికి తెల్వదు. సిలిండర్ గోడలు పల్చబడితే లోపల స్లీవ్ అనే కొత్త గొట్టం ఏసుకోవచ్చు, బ్లాక్ పగిలుంటే మాత్రం కష్టం. వనస్థలిపురం ఆటోనగర్ల మెకానిక్ అన్న ఒకాయన నాకు చెప్పిండు, బ్లాక్‌కు కిరోసిన్ పూసి, మంచిగ తుడిచి, చాక్‌పీస్ పొడి రాయాలె, పగులుంటే తడి గీతలెక్క పైకి తేలుతది. ఇంజన్ దించకుంట ఆ పని కాదు, దించనీయకుంట రేటు మాట్లాడేది లేదని ఓనర్‌కు చెప్పిన.

అసలు నన్ను పట్టి ఆపేది కాగితాలు. ఆర్‌సీ లేదు, అది తమిళనాడు బండి, అభ్యంతరం లేదని అక్కడోళ్లు ఇచ్చే కాగితం, ఎన్‌ఓసీ, లేకుంట మన నల్లగొండల రిజిస్ట్రేషన్ కాదు. 2021ల వచ్చిన రూల్ ప్రకారం 50 ఏండ్లు దాటిన బండ్లకు 20 వేల ఫీజుతోని వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తరు, కాని బండి కంపెనీ నుంచి వచ్చినట్టే ఉండాలె, చాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగ మార్చి ఉండొద్దు. నేను మనసు పడ్డదేమో ఆ మార్పుల మీదనే. అవి ఉంచితే రోడ్డు ఎక్కదు, తీసేస్తే షోలవరం ఫియట్ అనేది ఇగ ఉండదు, ఊరంత నడిపిన మామూలు ఫియట్ ఒకటి తయారైతది.

1929, 1930ల ఫ్రాన్స్‌ల అయ్యే లెమాన్స్ రేసు గెలిచిన ఓల్డ్ నంబర్ వన్ అనే బెంట్లీ కారు మీద 1990ల లండన్ కోర్టుల కేసు నడిచింది. దాని సామాను చానా వరకు మారిపోయినా, చరిత్ర తెగకుంట వచ్చింది కాబట్టి అది అదే కారని జడ్జి తీర్పిచ్చిండు. ఆ తెగని చరిత్రనే నాకు ఈ ఫియట్‌కు కావాలె, ఒక్క ఫోటో, ఒక్క రేసు కాగితం, నంబర్ కనపడేటట్టు.

ఓనర్ రెండున్నర లక్షలు అడుగుతున్నడు, రేసు పేరు మీదనే ఆ రేటు. వాళ్ల నాయిన ట్రంకుపెట్టె అటక మీద ఉందంట, దించి చూస్తమన్నరు. అది తెరిచిన్రంటే చాలు, అయస్కాంతం జేబుల ఏసుకోని మళ్ల పోత.