కుట్లు కనిపించినన్నాళ్ళే నమ్మారు

డిసెంబరు మొదటి వారంలో మళ్ళీ బడికి వెళ్ళాను. నడుం ఆపరేషన్ అయి అప్పటికి ఆరు వారాలు. స్టాఫ్ రూమ్‌లో అందరూ చుట్టూ చేరి "ఇంకేం మేడం, అంతా తగ్గిపోయినట్టేనా" అని అడిగారు, ప్రేమగానే అడిగారు, నేను "ఆ, తగ్గిపోయింది" అన్నాను. అది నిజం కాదు. ఆ మాట ఎందుకన్నానా అని అప్పటి నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను, అందుకే ఇదంతా రాస్తున్నాను.

నాకు 46 ఏళ్ళు. ఇల్లు శ్రీకాకుళంలో, బడి ఆమదాలవలస దాటాక ఒక ఊళ్ళో. హైస్కూల్లో బయాలజీ చెబుతాను. రోజూ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కి, దిగి, అక్కడి నుంచి షేర్ ఆటోలో నాలుగు కిలోమీటర్లు. ఆ ఆటోలో ముడుచుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో ఎక్కినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మూడేళ్ళ కిందట ఒకరోజు ఆటో దిగుతుంటే నడుం దగ్గర కలుక్కుమంది. వారం పది రోజుల్లో తగ్గింది. తర్వాత మళ్ళీ వచ్చింది, ఈసారి నడుంలో ఆగలేదు, ఎడమ పిర్రలోంచి తొడ వెనకగా దిగి, పిక్క పక్కనుంచి పాదం మీదికి పాకేది. పగలు సలుపు, రాత్రి మంట, తుమ్మితే దగ్గితే కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వున లాగేది. కూర్చుంటే ఎక్కువ. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కమ్మీ పట్టుకుని నిలబడేదాన్ని, చూసినవాళ్ళు ఈవిడకి ఏ నొప్పీ లేదనుకునేవాళ్ళు.

ఇంట్లో చెయ్యని వైద్యం లేదు. మా అమ్మ వావిలాకు వేసి నీళ్ళు కాచి పోసేది, ఆ పూటకి హాయిగానే ఉండేది. ఎదురుకాళ్ళతో పుట్టిన కుర్రాడు పక్క వీధిలో ఉంటే పిలిపించి నడుం మీద తన్నించారు. తెలిసినవాళ్ళంతా "పూసల మధ్య గ్యాప్ వచ్చుంటుంది" అనేవాళ్ళు, నేనూ బెల్టు కొనుక్కుని చీర లోపల కట్టుకుని తిరిగాను. ఇవేవీ నన్ను అంతగా బాధపెట్టలేదు, ఎందుకంటే వీళ్ళంతా నొప్పి ఉందని నమ్మి చేసినవాళ్ళు.

బాధపెట్టింది నమ్మనివాళ్ళు. సెలవు చీటీ ఇస్తే ఒకరు "ఈ నడుం నొప్పి సోమవారాలే వస్తుందేంటి మేడం" అన్నారు. ఆదివారం ఇంటి పనంతా చేసి సోమవారం లేవలేకపోయేదాన్ని, అది చెప్పుకోవడానికి కూడా నోరు రాలేదు. చుట్టాల పెళ్ళిలో కూర్చోకుండా గోడకి ఆనుకుని నిలబడితే "మనిషి నిక్షేపంలా ఉంది, ఏటో ఈ నొప్పులు" అని వెనక ఎవరో అన్నది చెవిన పడింది. జ్వరమైతే థర్మామీటరు చూపిస్తాం, దెబ్బయితే కట్టు చూపిస్తాం, దీనికి ఏం చూపించాలి? కొన్నాళ్ళకి చెప్పడం మానేశాను. మాత్ర వేసుకుని, పిల్లల ముందు నవ్వుతూ పాఠం చెప్పి, బాత్రూంలోకి వెళ్ళి గోడ పట్టుకుని నిలబడేదాన్ని.

పోయిన దసరా సెలవుల్లో ఎడమ కాలి చెప్పు నడుస్తుంటే జారిపోయేది, నాకు తెలిసేది కాదు, రెండు మూడు అడుగులు వేశాక చూసుకుంటే చెప్పు వెనకుండేది. విశాఖలో న్యూరోసర్జన్ దగ్గరికి తీసుకెళ్ళారు మా ఆయన. ఆ డాక్టరుగారు ముందు రిపోర్టులు అడగలేదు. "నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడి దాకా వెళ్తుందో మీ వేలితోనే గీసి చూపించండమ్మా" అన్నారు. మూడేళ్ళలో ఆ మాట అడిగింది ఆయనే. నేను పిర్ర దగ్గర మొదలుపెట్టి బొటనవేలి దాకా గీశాను, గీస్తుంటే కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి. తర్వాత కాలి బొటనవేలు పైకెత్తమని, దాన్ని తన వేలితో కిందికి నొక్కారు. కుడి వేలు గట్టిగా నిలబడింది. ఎడమది నిలబడలేదు.

ఎమ్మారైలో నడుం దగ్గరి నాలుగో పూసకీ ఐదో పూసకీ మధ్య ఉండే డిస్కు బయటికి ఉబ్బి నరాన్ని నొక్కేస్తోందని తేలింది. డిస్కు అంటే బయట గట్టి పొరలు, లోపల జిగురులాంటి మెత్తటి పదార్థం. పొర చిరిగితే లోపలిది బయటికి తోసుకొచ్చి పక్కనున్న నరం మీద పడుతుంది, అందుకే జబ్బు నడుంలో ఉంటే నొప్పి కాల్లో ఉంటుంది. ఈ రెండింటికీ ఉన్న సంబంధాన్ని 1934లో మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు అమెరికన్ డాక్టర్లు పత్రికలో రాశాకే, నరం మీద పడ్డ డిస్కు ముక్కని తీసేసే ఈ ఆపరేషన్ వాడుకలోకి వచ్చిందట. డిస్కు జారిన వాళ్ళలో ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండానే కొన్ని వారాల్లో, నెలల్లో తగ్గిపోతుంది, ఇది భయపడేవాళ్ళ కోసం చెబుతున్నాను. నాకు చెయ్యాల్సి రావడానికి కారణం వేలిలో బలం తగ్గడం. ఇంకొకటి, మూత్రం మీద పట్టు తప్పినా, కూర్చునే చోట, తొడల మధ్య తిమ్మిరెక్కినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి, తెల్లారనీ అనుకోకూడదు. ఆపరేషన్‌కి ముందు డాక్టరుగారు ఒక మాట స్పష్టంగా చెప్పారు: ఇది కాలు నొప్పి కోసం చేసే ఆపరేషన్, నడుం నొప్పి కొంత ఉండొచ్చు, తిమ్మిరి అన్నిటికంటే ఆఖర్న తగ్గుతుంది, పూర్తిగా పోకపోవచ్చు కూడా.

దీపావళికి నాలుగు రోజుల ముందు ఆపరేషన్ అయింది. కోత రెండంగుళాలు కూడా లేదు. మత్తు వదిలాక కాలు కదిపి చూసుకున్నాను, ఆ లాగుడు లేదు. పుండు నొప్పి ఉంది, కానీ అది చోటు తెలిసిన నొప్పి, రోజురోజుకీ తగ్గుతుందని నమ్మకమున్న నొప్పి. మర్నాడే నడిపించారు. ఇంటికి వస్తూ కారు తగరపువలస దగ్గర ఒకసారి, రణస్థలం దగ్గర ఒకసారి ఆపించి, హైవే పక్కన పది నిమిషాలు నడిచి మళ్ళీ ఎక్కాను.

ఆ ఆరు వారాలూ నన్ను అందరూ నమ్మారు. అరటిపళ్ళు, హార్లిక్స్ సీసాలు పట్టుకుని వచ్చారు, పెళ్ళిలో ఆ మాట అన్నావిడ కూడా వచ్చి నడుం మీద ప్లాస్టర్ చూసి "అయ్యో, ఎంత కష్టమొచ్చిందమ్మా" అని కంటతడి పెట్టుకుంది. మా అత్తగారు పప్పు తింటే చీము పడుతుందని పెట్టనిచ్చేవారు కాదు, పుండు మానాలంటే పప్పూ గుడ్డూ తినాలని డాక్టరు చెప్పారని మా ఆయన నచ్చజెప్పేసరికి వారం పట్టింది. నాగుల చవితి రోజు తెల్లవారుజామున అందరూ పాలు పట్టుకుని పుట్ట దగ్గరికి వెళ్తుంటే నేను వీధి చివరి దాకా నడిచి వెనక్కి వచ్చాను. వంగకూడదు, బరువెత్తకూడదు, నడుం మెలి తిప్పకూడదు, కింద కూర్చోకూడదు. మన ఇళ్ళల్లో ఈ నాలుగూ లేకుండా జరిగే పని ఏముంటుంది చెప్పండి?

ఆరు వారాలకి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చారు. అది తప్పు అనడం లేదు, నేనే అడిగాను, పదో తరగతి పిల్లలకి సిలబస్ మిగిలిపోయింది. కానీ కాగితం మీద మనిషి నిన్నటిదాకా సిక్, ఇవాళ ఫిట్. మధ్యలో ఇంకో మెట్టు లేదు. ఒళ్ళు అలా మారదు. మూడేళ్ళు నొప్పితో ఉన్న ఒంటికి భయం అలవాటైపోతుంది, కింద పడిన సుద్దముక్క చూసినా నడుం ముందే బిగుసుకునేది. రోజూ నడిచేది అరగంటే, అలాంటిది ఒక్కసారి ఐదు పీరియడ్లు నిలబడితే మూడో పీరియడ్‌కే కాళ్ళు వణికాయి. అయినా "తగ్గిపోయింది" అన్నాను, ఎందుకంటే ఇప్పుడు కాదంటే ఆపరేషన్ అయ్యాక కూడా ఇంకా ఏంటి అంటారని. పుండు మానింది, కుట్టు చీర కింద దాక్కుంది, నేను మళ్ళీ చూపించడానికి ఏమీ లేని మనిషినయ్యాను.

నాలుగో రోజు హెచ్చెమ్ గారి గదికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. కాగితం మీద రాసుకుని మరీ వెళ్ళాను, తడబడతానని. వరసగా రెండు పీరియడ్లు వద్దు, క్లాసులో చేతుల్లేని గట్టి కుర్చీ ఒకటి కావాలి, ప్రతి అరగంటకీ ఐదు నిమిషాలు నడుస్తాను, పుస్తకాల కట్టలు మొయ్యను, ఇది సంక్రాంతి సెలవుల దాకా. ఆయన చదివి "ముందే చెప్పొచ్చు కదమ్మా" అని టైం టేబుల్ తీసి అక్కడే మార్చారు. నేను అంత కష్టమనుకున్నది పావుగంటలో అయిపోయింది. అందరికీ అలాంటి పెద్దలు దొరకరని తెలుసు, కానీ అడక్కపోతే నాకూ దొరికేవారు కాదు.

బోర్డు కింది సగం నేను రాయలేను, వంగాలి. తొమ్మిదో తరగతి ఆడపిల్లలు వాళ్ళంతట వాళ్ళే వంతులేసుకున్నారు, పై సగం నేను రాస్తే కింది సగం ఒకమ్మాయి వచ్చి రాస్తుంది. నరాల పాఠం చెప్పే రోజున నా కాలి సంగతే చెప్పాను. దెబ్బతిన్న నరం తిరిగి పెరిగేది రోజుకి సుమారు 1 మిల్లీమీటరే అన్నాను. ఒక పిల్ల నడుం నుంచి బొటనవేలి దాకా స్కేలుతో లెక్కవేసి "అయితే మేడం, మేం ఇంటర్ అయిపోయే దాకానా" అంది. నరం తెగలేదు, నలిగిందంతే, అందుకని అన్నాళ్ళు పట్టకపోవచ్చని చెప్పాను. ఇప్పటికి వేలు పైకి లేస్తోంది, పాదం మీద అరచేయంత మేర తిమ్మిరి మాత్రం ఉంది.

పోయిన వారం మధ్యాహ్న భోజనం దగ్గర, మాకు వండిపెట్టే ఆమె అన్నం డేగిసా దించి, ఒక పక్కకి ఒరిగి, గోడ పట్టుకుని నిలబడింది. ఏమైందంటే "ఏటీ లేదు మేడం, పని చేసే ఒళ్ళు కదా, నొప్పులుండవేటి" అంది. కుర్చీ లాగి కూర్చోమంటే కూర్చుంటే ఇంకా ఎక్కువవుతాదంది. "సరే, నిలబడే చెప్పు, ఎక్కడ మొదలై ఎక్కడి దాకా పోతాది, వేలితో చూపించు" అన్నాను. ఆమె నన్నొకసారి చూసి, తడిచేయి కొంగుకి తుడుచుకుని, పిర్ర దగ్గర్నుంచి గీయడం మొదలుపెట్టింది. గురువారం సెలవు పెట్టి ఇద్దరం శ్రీకాకుళం పెద్దాసుపత్రికి, రిమ్స్‌కి వెళ్తున్నాం.