పకోడీ పొట్లం కాగితం

సంచికకి ఏదో ఒకటి రాసివ్వమని మన బడి గ్రూపులో అడిగినప్పట్నుంచీ నాకు ఆరో తరగతి సైన్సు క్లాసే గుర్తొస్తోంది. ఇంటర్వెల్ అయ్యాక మన మాస్టారు ఎవరి దగ్గరో పకోడీ పొట్లం కాగితం తీసుకుని కిటికీ దగ్గర ఎత్తి పట్టుకున్నారు, నూనె అంటిన చోట వెలుతురు ఇవతలికి వస్తోంది కానీ బయట వేపచెట్టు మాత్రం కనపడట్లేదు. అప్పుడు బోర్డు మీద రాశారు, పారభాసకం అని.

మనం నోట్సులోకి ఎక్కించుకునేలోపే ఆయన ఆ మాటని విడగొట్టారు. పారం అంటే అవతలి ఒడ్డు, ఒడ్డు లేనిది అపారం, చదువులో ఆ ఒడ్డు చేరినవాడు పారంగతుడు. భాసం అంటే వెలుగు, భాస్కరుడిలో ఉన్నది అదే. పారదర్శకంలో చూపు కూడా దాటుతుంది, పారభాసకంలో వెలుగొక్కటే దాటుతుంది. ఎంత బాగుందో చూడండి! మా అమ్మాయి పుస్తకంలో పాక్షిక పారదర్శకం అని ఉంది, తప్పని అనను, కానీ అది సగం కనపడుతుందని చెప్పి ఊరుకుంటుంది, వెలుగు సంగతే ఎత్తదు.

ఇంగ్లీషు ట్రాన్స్‌లూసెంట్ కూడా ఇలాగే పుట్టిందని చాలా ఏళ్ళకి తెలిసింది, లాటిన్‌లో ట్రాన్స్ అంటే దాటి, లూకేరే అంటే వెలగడం. ఆ లూకేరేకి సంస్కృతంలో చుట్టం ఎవరో తెలుసా, రుచి! సంస్కృతంలో రుచికి కాంతి అనే అర్థం కూడా ఉంది. ఆ రోజు మాస్టారు ఉండుంటే పరుగెత్తుకెళ్ళి చెప్పేవాణ్ణి.

ఇప్పుడు నేను ఎల్ఈడీ లైట్లకి కవర్లు చేసే చోట పనిచేస్తున్నా, అక్కడ దాన్ని డిఫ్యూజర్ అంటాం. ప్లాస్టిక్‌లో సన్నటి పొడి కలుపుతారు, ఆ రేణువులకి తగిలి వెలుగు నలువైపులా చెదురుతుంది, అందుకే లోపలి ఎల్ఈడీలు చుక్కలు చుక్కలుగా కాకుండా కవరంతా ఒకటే వెలుగులా కనిపిస్తుంది. కాగితంలో అయితే పీచుల మధ్య గాలి ఉంటుంది, పీచు వక్రీభవన గుణకం, అంటే వెలుగు అందులో ఎన్ని రెట్లు నెమ్మదిస్తుందో చెప్పే అంకె, సుమారు 1.5, గాలిది 1, ఆ తేడాకే వెలుగు అడుగడుగునా చెదిరి చాలావరకు వెనక్కి పోతుంది. నూనెది ఇంచుమించు 1.47, అది గాలి ఉన్న సందుల్లో నిండితే తేడా తగ్గి వెలుగు ఇవతలికి వచ్చేస్తుంది.

మొన్న కొత్తగా చేరిన కుర్రాడు డిఫ్యూజర్‌ని తెలుగులో ఏమంటారన్నా అని అడిగాడు. టీ టైములో బజ్జీల కాగితం తీసుకుని ట్యూబ్‌లైట్ కింద ఎత్తి పట్టుకున్నా.