రెపెట్టో బ్యాలే ఫ్లాట్స్ కొన్నాను, అలవాటు పడటానికి నెల పట్టింది

ఆఫీసు పని మీద మూడు నెలలు పారిస్‌లో ఉన్నప్పుడు మెట్రోలో నాకు ఒకటే కాలక్షేపం, ఎదురు సీట్లో ఆడవాళ్ల చెప్పులు చూడటం. కాలేజీ పిల్లల దగ్గర్నుంచి డెబ్బై ఏళ్ల మామ్మల దాకా ఎవరో ఒకరు ఆ పల్చటి బ్యాలే ఫ్లాట్స్‌తో కనిపించేవాళ్లు. హీల్ లేదు, మెరుపుల్లేవు, ముందు చిన్న ముడి, అంతే. వీటికి మూడు వందల యూరోల దాకా పెట్టాలా అని తిట్టుకుంటూనే, తిరుగు ప్రయాణానికి వారం ముందు ర్యూ ద లా పేలో ఉన్న రెపెట్టో షాపులోకి దూరాను.

ఆ షాపు బ్యాలే ప్రదర్శనలు జరిగే ఒపేరా థియేటర్‌కి నాలుగడుగుల దూరం, అదేం కాకతాళీయం కాదు. రోజ్ రెపెట్టో 1947లో, డాన్సరైన కొడుకు రోలాన్ పెతి సలహాతో డాన్సు బూట్లు కుట్టడం మొదలుపెట్టింది. 1956లో సినిమా నటి బ్రిజిత్ బార్దో అడిగితే వీధిలో నడవడానికి పనికొచ్చేలా ఒక జత చేసిచ్చింది. అదే సాండ్రియోన్, అంటే సిండ్రెల్లా. నేను కొన్నదీ అదే మోడల్, నలుపు. (ముందు నలుపు, వెనక బేజ్ ఉండే షనెల్ జత కూడా చూశాను, నల్ల మొన వల్ల పాదం చిన్నగా కనిపిస్తుంది, గీతలూ తెలియవు, కానీ వాటి ధరకి అద్దం బయట నుంచే దండం పెట్టేశా.)

షాపమ్మాయి ఒక సైజు పెద్దది తీసుకోమంది. తోలు కదా, సాగుతుందిలే అని నేనే బిగుతుది పట్టుపట్టి తీసుకున్నా. ఎయిర్‌పోర్టులో ట్యాక్స్ రీఫండ్ కాగితం పాబ్లో అనే మెషీన్ దగ్గర స్కాన్ చేస్తే పచ్చ టిక్ వచ్చింది, అదొక్కటే సాఫీగా జరిగింది.

హైదరాబాద్‌లో మొదటి రోజే మడమల మీద రెండు బొబ్బలు. పైగా తోలు సోలు, ఆఫీసు గ్రానైట్ మీద లిఫ్టు ముందు జర్రున జారాను. వారం రోజులు రాత్రిపూట మందం సాక్సుతో వేసుకుని టీవీ ముందు తిరిగా. అప్పుడు తెలిసింది, ఆ ముడి అలంకారం కాదు, అంచంతా తిరిగే సన్న నాడా, పైజమా బొందులాగే. అది కాస్త వదులు చేస్తే మడమ ఊపిరి పీల్చుకుంది.

ఇక జారుడు సంగతి. మా వీధి చివర చెప్పులు కుట్టే తాత ఒక జోడు చేతిలోకి తీసుకుని రెండుగా మడిచి, లోపల వేలు పెట్టి కుట్టు తడిమాడు.

"ఇది లోపలివైపు కుట్టి తిరగేశారమ్మా, దిండు గలీబులాగా. మేకు కొట్టకూడదు. ఎంతకి కొన్నావు తల్లీ?"

"రెండు వేలు తాతా."

"మోసపోయావ్."

సోలు గరుకుకాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, అది ఆరేదాకా టీ తాగి, పల్చటి రబ్బరు అతికించి సుత్తితో నెమ్మదిగా తట్టాడు. నూట యాభై రూపాయలు. ఆ తర్వాత ఒక్కసారి కూడా జారలేదు.

ఇన్నేళ్లుగా ఈ ఫ్యాషన్ ఎందుకు పోవట్లేదో నాకు పారిస్‌లో కాదు, మొన్న పిన్ని వాళ్ల గృహప్రవేశంలో అర్థమైంది. గుమ్మం దగ్గర అందరూ వంగి బకిల్స్ విప్పుకుంటుంటే నేను నిలబడే విడిచేసి లోపలికి వెళ్లా. చీర మీదకీ బాగానే ఉన్నాయి. "ఈ రేకులకా అంత డబ్బు" అని నెలంతా సాధించిన అమ్మ, భోజనాలయ్యాక నేను బయటికొచ్చేసరికి, అవే వేసుకుని కారు దాకా వెళ్లిపోయింది.