టాక్రో మాత్రతో నా అనుభవం

మా అమ్మ కిడ్నీ నాకు పెట్టి రెండేళ్లు దాటింది. ఆపరేషన్ కంటే ఆ తర్వాత చేతికిచ్చిన మాత్రల సంచి చూసే ఎక్కువ భయపడ్డాను. టాక్రోలిమస్, మైకోఫినోలేట్, ప్రెడ్నిసోలోన్. అమ్మదే అయినా నా ఒంటికి ఆ కిడ్నీ పరాయిదేనట. ఒళ్లు దాని మీద తిరగబడకుండా ఈ మందులు ఆపుతాయి. "ఎన్నాళ్లు వాడాలండీ?" అంటే, "ఆ కిడ్నీ పనిచేసినన్నాళ్లూ" అన్నారు డాక్టరుగారు.

టాక్రో ఉదయం తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి. రక్తంలో అది ఎంతుందో చూసే లెవెల్ టెస్టుకి ఉదయం మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. మొదటిసారి ఆ మాట బుర్రకెక్కలేదు. ఇంట్లోనే మాత్ర మింగి, సింగ్‌నగర్ నుంచి ఆటోలో సూర్యారావుపేట ల్యాబ్‌కి వెళ్లాను. "టాక్రో వేసుకున్నారా సార్?" అని అడిగి అక్కడి కుర్రాడు సూది పక్కన పెట్టేశాడు. అప్పట్నుంచి టెస్టు రోజున మాత్ర చొక్కా జేబులోనే ఉంటుంది.

అసలు దెబ్బ దగ్గుతో తగిలింది. వీధి చివర మందుల షాపులో యాంటీబయాటిక్ ఇచ్చారు, వాడాను. నాలుగో రోజుకి చేతులు వణుకు. కాఫీ గ్లాసు పట్టుకుంటే సగం లుంగీ మీదే. "సరిగా తినట్లేదు, నీరసంరా" అంది అమ్మ. ఎందుకో అనుమానం వచ్చి ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ మేడంకి ఫోన్ చేశాను. "కొత్తగా ఏం వేసుకున్నారు? షీటు ఫొటో పెట్టండి" అన్నారు. క్లారిత్రోమైసిన్.

మర్నాడు లెవెల్ 19 వచ్చింది. నాకు 6 నుంచి 8 మధ్య ఉండాలన్నారు. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్, పెరగకూడనిది, 1.2 నుంచి 1.7కి ఎక్కింది. కాలేయంలో, పేగుల్లో టాక్రోని అరగదీసే ఎంజైమును ఈ మందు అడ్డుకుంటుందట. నేను వేసుకునే మాత్ర మారలేదు, కానీ రక్తంలో పేరుకుపోయింది. ఎక్కువైతే కాపాడాల్సిన కిడ్నీనే దెబ్బతీస్తుంది. టీబీకి వాడే రిఫాంపిసిన్‌ది దీనికి రివర్సు, లెవెల్‌ని పడగొట్టేస్తుంది. డాక్టరుగారు యాంటీబయాటిక్ మార్చి, టాక్రో డోసు కొన్నాళ్లు తగ్గించారు. క్రియాటినిన్ దిగడానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలూ నిద్ర లేదు. షాపతన్ని తిట్టాలనిపించింది గానీ, కిడ్నీ మార్చారని నేను చెప్తేగా!

ఇప్పుడు జలుబు మాత్రకైనా ముందు మేడంకి ఫొటో వెళ్తుంది. ఈ మందులతో ఇన్ఫెక్షన్లు తొందరగా పట్టుకుంటాయని పెళ్లిళ్లకి మాస్కు పెట్టుకుని వెళ్తే "ఇంకా కరోనా ఏంటండీ" అని నవ్వుతారు, నవ్వనీ.

పంపర పనస కూడా టాక్రో లెవెల్ పెంచుతుందని, తినొద్దని చెప్పారు. మొన్న పిన్ని వాళ్లు ఊరి నుంచి నాలుగు తెచ్చారట. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అమ్మ నాలుగూ పక్కింటికి పంపేసింది.