మేడారం నుంచి వచ్చాక ఒక్క లెన్స్ చాలనుకున్నాను

మొన్న మా పిన్ని కొడుకు ఫోన్ చేసి "అక్కా, ఫ్యామిలీతో అరకు పోతున్నం, ట్రావెల్‌కి ఒకే ఒక్క లెన్స్ కొనాలంటే ఏది కొనమంటవ్?" అని అడిగాడు. వెంటనే ఏ పేరూ చెప్పలేదు. "ముందు నువ్వు ఇప్పటిదాకా తీసిన ఫొటోలు ఒక నాలుగైదు వందలు నాకు పంపు" అన్నాను. లెన్స్ అడిగితే ఫొటోలు ఎందుకని వాడికి అర్థం కాలేదు. నేను కూడా అది ఆలస్యంగానే తెలుసుకున్నాను, అందుకే వివరంగా రాస్తున్నాను.

నా కెమెరా సోనీ ఏ6400. దాంతో పాటు చాలామంది దగ్గర ఉండే రెండు లెన్సులే నా దగ్గరా ఉండేవి, చిన్న 16-50 ఒకటి, దూరానికి 55-210 ఒకటి (ఈ అంకెలు మిల్లీమీటర్లలో ఫోకల్ లెంగ్త్, అంకె పెరిగే కొద్దీ దూరంవి దగ్గరగా కనిపిస్తాయి). వాటితో 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకి వెళ్లాను. వెళ్లినవాళ్లకి చెప్పక్కర్లేదు, జంపన్నవాగు దగ్గర నుంచి గద్దెల దాకా మనుషుల మధ్య అడుగు తీసి అడుగు వేయడమే కష్టం, పైన ఎర్రటి దుమ్ము, చేతుల్లో బెల్లం, పసుపు, కుంకుమ. కెమెరాకి 16-50 పెట్టుకుని నడుస్తున్నాను. కాస్త దూరంలో ఒక పెద్దావిడ, జుట్టు విరబోసుకుని, ముఖమంతా పసుపుతో, పూనకంలో ఊగుతూ వస్తోంది, ఆమె కళ్లు అంత దూరం నుంచి కూడా కనిపిస్తున్నాయి. 50కి జూమ్ చేస్తే ఆమె ఫ్రేములో గింజంతే ఉంది. పక్కకి జరిగి, బ్యాగు తెరిచి, ఆ లెన్స్ తీసి ఈ లెన్స్ పెట్టేలోపు ఆమె జనంలో కలిసిపోయింది. ఆ ఫొటో నాకు మళ్లీ దొరకదు.

ఫొటో పోవడం ఒకటైతే, ఆ దుమ్ములో లెన్స్ మార్చడం ఇంకొకటి. పాత డీఎస్ఎల్ఆర్‌లలో లెన్స్ తీసినా ఫొటోని పట్టే సెన్సర్ ముందు అద్దం, షట్టర్ అడ్డం ఉండేవి. నా కెమెరా లాంటి మిర్రర్‌లెస్‌లో లెన్స్ తీస్తే సెన్సర్ నేరుగా గాలికి ఎదురుగా ఉంటుంది. మరునాడు రామప్ప గుడికి వెళ్లి, నీలాకాశం కింద గర్భగుడి పైని విమానాన్ని ఎఫ్11లో తీసి చూసుకుంటే ఆకాశం నిండా మచ్చలు. అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ అంకె పెరిగితే అది చిన్నదవుతుంది) ఎంత చిన్నది చేస్తే సెన్సర్ మీది దుమ్ము అంత స్పష్టంగా తెలుస్తుంది. ఆ రోజు తీసిన ప్రతి ఫొటోలో ఒక్కో మచ్చా తుడుచుకుంటూ రెండు రాత్రులు కూర్చున్నాను.

ఆ కూర్చోవడంలోనే ఒక మంచి పని జరిగింది. ప్రతి ఫొటోలో ఏ ఫోకల్ లెంగ్త్‌లో తీశామో రికార్డయి ఉంటుంది కదా, దాని ప్రకారం నా పాత ట్రిప్పుల ఫొటోలన్నీ వరసగా పేర్చి చూశాను. లేపాక్షి, గండికోట, హంపి, మేడారం. సగానికి పైగా 16 నుంచి 24 మధ్యలో ఉన్నాయి, అవి గుళ్లు, కోటలు, పెన్నా లోయ. మిగతావాటిలో ఎక్కువ 70 నుంచి 130 మధ్య, అవి మనుషుల ముఖాలు, శిల్పాలు. 150 దాటినవి చాలా తక్కువ, అందులోనూ నేను ఉంచుకున్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, పిట్టల కోసం 210 దాకా వెళ్లి తీసినవన్నీ ఎలాగూ పనికిరాకుండా పోయాయి. కొల్లేరు అటపాకలో గూడబాతులు తీయాలంటే 400 దాటిన లెన్స్ ఉండాలి, అది ట్రావెల్ లెన్స్ పని కాదు. ఆ ఆశ వదులుకోగానే సగం టెన్షన్ తగ్గింది. నాకు కావలసింది 18 నుంచి 135 అని అప్పుడే తేలిపోయింది.

అదృష్టం కొద్దీ సోనీలో సరిగ్గా ఆ లెన్సే ఉంది, 2018లో వచ్చిన 18-135, ఎఫ్3.5-5.6. బరువు 325 గ్రాములు. నా పాత రెండు లెన్సులూ కలిపితే 116, 345, మొత్తం 461 గ్రాములు. అంటే రెండింటి బదులు ఇదొక్కటే పెట్టుకుంటే బరువూ తగ్గుతుంది, మార్చే పనీ ఉండదు. కెమెరా బాడీ 403 గ్రాములు కాబట్టి మెడలో మొత్తం 728 గ్రాములు. అమ్మతో గుళ్లకి వెళ్తే ఒక చేతిలో ఆమె చెయ్యి, ఇంకో చేతిలో పూజ సామాను, అటువంటప్పుడు వంద గ్రాముల తేడా కూడా సాయంత్రానికి మెడకి బాగా తెలుస్తుంది.

కొనేముందు మిగతావీ చూశాను. సిగ్మా 18-50 ఎఫ్2.8 అని 2021లో వచ్చింది, 300 గ్రాముల లోపే, చేతిలో పట్టుకుంటే వదలబుద్ధి కాలేదు, కానీ 50 దగ్గర ఆగిపోతుంది, అంటే మేడారంలో నేను ఓడిపోయిన చోటే ఆగిపోతుంది. పైగా దాంట్లో స్టెబిలైజేషన్ (చెయ్యి వణుకుని సరిచేసే ఏర్పాటు) లేదు, నా కెమెరా బాడీలో కూడా లేదు, 18-135లో ఉంది. టామ్రాన్ 17-70 ఎఫ్2.8లో స్టెబిలైజేషన్ ఉంది, చాలా మంచి లెన్స్, బరువు 525 గ్రాములు. టామ్రాన్ వాళ్లదే 18-300 ఒకటుంది, 620 గ్రాములు, ఒక ఫ్రెండ్ దగ్గర తీసుకుని ఒక ఆదివారం గోల్కొండ ఎక్కాను. కెమెరా ముందుకి వాలిపోతూ ఉంటే పైకి చేరేసరికి దాన్ని బ్యాగులో పెట్టేశాను. బ్యాగులోకి వెళ్లిపోయిన లెన్స్ ఎంత దూరం జూమ్ చేస్తే ఏం లాభం?

వేరే కంపెనీ కెమెరాలున్నవాళ్లకి కూడా ఇదే బరువులో లెన్సులున్నాయి. కెనాన్ ఆర్ఎఫ్-ఎస్ 18-150 అయితే 310 గ్రాములు, నికాన్ జెడ్ డీఎక్స్ 18-140 అయితే 315 గ్రాములు. ఫుల్‌ఫ్రేమ్‌లోకి (పెద్ద సెన్సర్ ఉండే కెమెరాల్లోకి) వెళ్తే టామ్రాన్ 28-200 575 గ్రాములు, నికాన్ 24-200 570 గ్రాములు. అక్కడ బాడీ కూడా బరువే.

లెన్స్ కొన్నాక దాంతో మళ్లీ రామప్పకే వెళ్లాను, ఎందుకంటే ఒక ట్రావెల్ లెన్స్‌కి అంతకంటే మంచి పరీక్ష నాకు తోచలేదు. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో జాబితాలో చేరింది. బయట ఎర్రటి ఇసుకరాతి గుడి మొత్తం ఫ్రేములోకి రావాలంటే వైడ్, అంటే వెడల్పుగా పట్టే కోణం కావాలి. చూరు కింద ఏటవాలుగా నిలబెట్టిన నల్లరాతి మదనికలు (స్త్రీమూర్తుల శిల్పాలు) తల పైన అంత ఎత్తులో ఉంటాయి, వాటి గాజులు, నగలు, ఎత్తు మడమల చెప్పులు వేసుకున్నట్టున్న ఆ మదనిక పాదాలు కనిపించాలంటే టెలి, అంటే దూరంవి దగ్గరకి లాగే జూమ్ కావాలి. లోపల రంగమండపంలో కప్పు మీది శిల్పం, నల్లరాతి స్తంభాల్లోని సన్నటి నగిషీ తీయాలంటే తక్కువ వెలుతురులో పని చేయాలి. మూడూ ఒకే గుళ్లో, పది అడుగుల తేడాలో.

మదనికల దగ్గర ఈ లెన్స్ నా మనసు నింపేసింది. 135లో ఎఫ్5.6 పెట్టి, షట్టర్ స్పీడ్ 1/250 ఉంచితే రాతి మీద ఉలి పోయిన గీతలు కూడా కనిపించాయి. లోపల మాత్రం కష్టపడ్డాను. పురావస్తు శాఖ వాళ్ల గుళ్లలో ముందస్తు అనుమతి లేకుండా ట్రైపాడ్ పెట్టనివ్వరు, కాబట్టి చేతిలో పట్టుకునే తీయాలి. ఊపిరి బిగబట్టి, స్తంభానికి భుజం ఆనించి, 18లో 1/10 సెకనుకి తీస్తే స్టెబిలైజేషన్ పుణ్యమా అని నాలుగింటికి మూడు షార్ప్‌గా వచ్చాయి. శిల్పం కదలదు కాబట్టి సరిపోయింది. అదే సాయంత్రం పూట వేదిక మీద పేరిణి కళాకారులు నాట్యం చేస్తుంటే స్టెబిలైజేషన్ ఏమీ చేయలేదు, అది మన చెయ్యి వణుకుని ఆపుతుంది గానీ ఎదుటివాళ్ల కదలికని ఆపదు. ఎఫ్2.8 దగ్గర వచ్చే వెలుతురులో నాలుగో వంతే ఎఫ్5.6 దగ్గర వస్తుంది, మిగతాదంతా ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా సున్నితత్వం) పెంచి తెచ్చుకోవాలి, గింజలు గింజలుగా కనిపిస్తాయి.

16 నుంచి 18కి రావడం కూడా చిన్న నష్టం కాదు. రెండు మిల్లీమీటర్లే అనిపిస్తుంది, చూసే కోణం 83 డిగ్రీల నుంచి 76కి తగ్గుతుంది. వెనక్కి నాలుగడుగులు వేసే చోటుంటే ఫర్వాలేదు, వెనకాల గోడ ఉంటే ఫోన్ తీసి ఫోన్‌తోనే తీస్తున్నాను. ఇప్పటి ఫోన్లు వైడ్ బాగా తీస్తాయి, ముఖ్యంగా పగటిపూట. ఒక మనిషి ముఖాన్ని పదిహేను అడుగుల దూరం నుంచి, ఆమెని ఇబ్బంది పెట్టకుండా తీయడం ఫోన్‌కి చేతకాని పని. నేను కెమెరా మోసేదే ఆ పని కోసం, అందుకే టెలి వైపు కాస్త పొడుగున్న లెన్స్‌కే నా ఓటు.

ఇంకో లోపం, ఈ లెన్స్‌కి వాన, దుమ్ము ఆపే సీల్ లేదు. వానాకాలం తిరిగేటప్పుడు పాల ప్యాకెట్ కవరొకటి, రబ్బరు బ్యాండ్ ఒకటి బ్యాగులో ఉంచుకుంటాను.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు మీ కెమెరా, మీ కార్డు తీసుకెళ్లండి. ఒక ఇటుక గోడకి ఎదురుగా నిలబడి 18లో ఒకటి, 135లో ఒకటి తీసి నాలుగు మూలలూ పెద్దవి చేసి చూడండి. ఒక మూల మిగతావాటికంటే బాగా మసకగా ఉంటే ఆ లెన్స్ ఎప్పుడో కింద పడి ఉండొచ్చు, వదిలేయండి. లెన్స్‌ని నేలకి చూపిస్తూ పట్టుకుంటే గొట్టం దానంతటదే జారుతోందా చూడండి. టార్చ్ వేసి లోపల బూజు ఉందేమో కూడా చూడాలి, మన కోస్తా ఊళ్ల తేమలో అది తొందరగా పడుతుంది.

ఇక మా తమ్ముడి సంగతి. ఫొటోలు పంపాడు. చూస్తే మూడొంతులు వాళ్ల రెండేళ్ల పాప, ఇంట్లో, ట్యూబ్‌లైట్ వెలుతుర్లో, పరిగెడుతూ. మిగతావి బతుకమ్మ రాత్రులు, పెళ్లిళ్లు. 70 దాటి తీసినవి లేనే లేవు. అరకు వెళ్తే బొర్రా గుహల్లోకి కూడా దిగుతారు, అక్కడ ఆ రంగు లైట్ల చీకట్లో పాప ఒక్క చోట నిలబడదు. "నీకు నా లెన్స్ వద్దురా, 200 గ్రాములు ఎక్కువైనా ఎక్కువ వెలుతురు తీసుకునే టామ్రాన్ 17-70 తీసుకో" అని చెప్పాను. "మరి నువ్వు 18-135 అంత మంచిదంటివి కద అక్కా" అన్నాడు. నా ఫొటోలకి మంచిది అన్నాను. ఈ శనివారం ఇద్దరం కోఠి వెళ్తున్నాం, వాడి కెమెరాకి పెట్టి చూశాకే డబ్బులు కడతాం.