అరచేతిలో కూర్చున్నా

మెక్సికో సిటీలో ఆదివారం పూట జరిగే లగునియా పాతసామాన్ల సంతకి వెళ్లాం. గడియారాలు, సీసాల మధ్యలో నా నడుమెత్తున ఓ చెక్క చెయ్యి! అరచేతిలో కూర్చుని వేళ్లకి వీపు ఆనించాలి. చూడగానే పోల్చుకున్నా, మెక్సికో కళాకారుడు పెద్రో ఫ్రీడెబర్గ్ 1960ల మొదట్లో చేసిన చేతికుర్చీకి నకలు.

ఈయన 1936లో ఇటలీలోని ఫ్లారెన్స్‌లో పుట్టి, పసితనంలోనే మెక్సికో చేరాడు. ఆర్కిటెక్చర్‌లో చేరి మధ్యలో వదిలేశాడు. గురువు మతియాస్ గోయెరిట్జ్ ఊరెళ్తూ, "మా వడ్రంగికి ఏదైనా పని చూపించు" అన్నాడట. ఈయన చెయ్యి చెక్కమన్నాడు. అంతే, ఆ కుర్చీతోనే లోకానికి తెలిశాడు. పాపం, ఆయన గీసిన గజిబిజి గళ్ల బొమ్మలు, లేని భవనాల డ్రాయింగులు అంత గొప్పగా ఉంటాయి, వాటి ఊసు ఎవరెత్తుతారు?

పదేళ్లుగా కంప్యూటర్లో ఆటోక్యాడ్ మీద మెట్లూ బాత్రూములూ గీసి బతుకుతున్నదాన్ని, ఆగగలనా? అడిగి కూర్చున్నా. నున్నటి చెక్క, చల్లగా ఉంది. బొటనవేలు మోచేతికి సరిగ్గా అందింది, నడివేలు మాత్రం వెన్నులో గుచ్చుకుంది. మావారు ఫొటో తీస్తూ, "ఇంట్లో పెడితే పిల్లాడు దాని వేళ్లకి తడి తువ్వాళ్లు ఆరేస్తాడు" అన్నారు.

ధర అడిగాక లేచి నిలబడ్డా.